ఒక్కసారే పిలిచింది

"లస్మయ్యా...!"

వీధి కొస నుంచి వచ్చింది ఆ కేక.

వీధి అంటే మనుషులు తిరిగే వీధి కాదు. అటూ ఇటూ కూలిన గోడలు, కప్పుల్లేని ఇండ్లు, తలుపుల్లేని గుమ్మాలు. నడుమ ఇసుక బాట. ఆ బాట కొసకు సముద్రం.

కారులో కూసున్న లస్మయ్య "ఓ..." అననీకి నోరు తెరిచిండు. పక్క సీట్ల నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ నోటి మీద గట్టిగ పడ్డది.

"పలుకకు కాకా," అని చెవుల గొణిగిండు సురేందర్. "ఒక్కసారే పిలిచింది."

"గొంతు సారుదే గదరా..."

"గందుకే పలుకకు అంటున్న."

ఇద్దరూ మళ్లా పిలుస్తదేమోనని చెవులు రిక్కించి కూసున్నరు. గాలి తప్ప ఏం లేదు. అద్దం సందుల నుంచి చలి సూదుల్లెక్క దిగుతున్నది.

రెండో పిలుపు రాలే.

అయ్యా, ముందుగాల నేనెవరో చెప్పాలె. నా పేరు జలంధర్. దోహాల ముఐథర్ దిక్కు టైలరింగ్ షాపు నడుపుత. చదువు పదో తరగతి, అది గూడ అంతంత మాత్రమే. మాటలకు మాత్రం కొదువ లేదు. సురేందర్ నా మేనల్లుడు, ఒక కంపెనీల డ్రైవరు. ఆ రాత్రి సంగతి కొంత వాడు చెప్పంగ విన్న, కొంత లస్మయ్య చెప్పంగ విన్న. ఒక ముక్క మాత్రం నా చెవులతోని నేనే ఫోన్ల విన్న. ఆ ముక్క వచ్చినప్పుడు చెప్త.

ఆ ఊరు ఉత్తరాన ఉన్నది. ఎప్పుడో చేపలు పట్టుకునేటోళ్లు ఉండి వదిలేసి పోయిన ఊరు. పగటిపూట పోయి చూసేటోళ్లు పోతరు. పొద్దుగూకినంక మాత్రం మా డ్రైవర్లల్ల ఎవ్వడూ అటు బండి ఆపడు. సురేందర్ రూముల ఉండే ఇక్రాముద్దీన్ భాయ్ చెప్తడు — చలికాలంల ఉత్తరపు గాలి లేసిన రోజు అక్కడ ఎవరో పిలుస్తరట. పేరు పెట్టి పిలుస్తరట. నీకు తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తరట. పలికినోడు సముద్రం దిక్కు నడుసుకుంట పోతడట.

"ఎన్నిసార్లు పిలుస్తది భాయ్?" అని సురేందర్ అడిగిండట.

"ఏక్ హీ బార్," అన్నడట ఇక్రాముద్దీన్. ఒక్కసారే.

ఇగ చెప్పేదేమున్నది. మన ఇండ్లల్ల చిన్నప్పటి సంది వినే మాటే కదా. చీకటి పడ్డంక ఎవరన్న ఒక్కసారి పిలిస్తే పలుకొద్దు. మూడుసార్లు పిలిస్తేనే మనిషి. ఆ మాట, ఈ మాట పోయి సురేందర్ నెత్తిల ఒకే ముడి పడ్డయి.

మరి అంత భయం ఉన్నోడు అక్కడికెందుకు పోయిండంటరా?

గురుప్రసాద్ సారు వల్ల పోయిండు. సారు ఆ కంపెనీలనే ఇంజినీరు, బొబ్బిలి దిక్కాయన. మంచి మనిషి. కాకపోతే ఫోటోల పిచ్చి. ఫోన్ల తీసే ఫోటోలు కాదు... రీలు ఏసి తీసే పాత కెమెరా. ఇటుకంత బరువుంటది. బ్యాటరీ గూడ ఉండదు. ఆ చలిల, ఆ ఊర్ల, కప్పులేని ఒక ఇంటి మీద చుక్కలు తిరిగిన జాడ రీలు మీద పడాలెనట. చలికాలంలనైతే గాలిల దుమ్ము తక్కువట, చుక్కలు కడిగినట్టు కనవడ్తయట. దానికి కెమెరాను మూడు కాళ్ల స్టాండు మీద నిలవెట్టి, కన్ను తెరిచి, గంట రెండు గంటలు అట్లనే ఉంచాలె.

"మూయకుండనా సార్?" అని సురేందర్ అడిగిండట.

"మూయకుండానే. అందుకే చెప్తున్నా, నేను చెప్పేదాకా లైటు వేయొద్దు. హెడ్‌లైట్ సంగతి సరే, ఫోన్ వెలుగు కూడా వద్దు. కాస్త వెలుగు పడినా మొత్తం పోతుంది."

ముగ్గురి ఫోన్లూ కారు ముందటి పెట్టెల పెట్టించి మూత ఏసిండు. తన ఫోన్ అయితే బందు చేసి మరీ అందులనే పెట్టిండు.

ముగ్గురు అన్న గదా. మూడో మనిషి లస్మయ్య. మా ఊరాయన, కూలోళ్ల క్యాంపుల ఉంటడు, సైటు మీద మేస్త్రీ పని. "నాకు ఒక్కనికి భయమైతది, తోడు రా కాకా" అని సురేందర్ కారు ఎక్కించుకున్నడు. ఎవరీయన అని సారు అడిగితే "మా ఊరి కాక సార్" అన్నడు. "రండి పెద్దాయనా, స్వెట్టర్ ఉందా?" అన్నడు సారు. అంతే. దారి పొడుగుత సారుకు ఆయన పెద్దాయనే, సురేందర్‌కు కాకనే.

ఇంకో ముచ్చట. సముద్రం పక్కన మంచు బాగ కురుస్తది. కెమెరా అద్దం మీద నీటి పొర పడ్తే ఫోటో మసకైతదట. అందుకని సారు భార్య ప్రతిమ మేడం ఉప్పు వేయించి, గుడ్డల కట్టి, రెండు మూటలు ఇచ్చింది. మనం కాపడం పెట్టుకుంటం చూడు, గసొంటియే. అద్దం చుట్టు కడ్తే ఆ వేడికి మంచు పట్టదు. ఒకటి చల్లారితే ఇంకోటి.

సురేందర్ ఆ మూటలు చూసి, "సారుకు గూడ ఎరుకే ఉన్నట్టున్నది" అనుకున్నడట. దయ్యాలకు ఉప్పు పడది గదా! ఒక మూట మెల్లగ తన జేబుల ఏసుకున్నడు. సారుకు ఒక్కటే పోయింది.

ఇట్ల ఆ సాయంత్రం గాలి లేస్తుండంగ, సారు ఒక్కడే స్టాండు భుజాన ఏసుకొని ఆ ఇండ్ల నడుమకు పోయిండు. నాలుగు అడుగుల తర్వాత చీకటి ఆయనను మింగేసింది. వీళ్లిద్దరూ కారులో మిగిలిన్రు. లైటు లేదు, ఫోన్ లేదు. ఇంజను నడిపితే ముందటి మీటరు వెలుగు పడ్తదని హీటరు గూడ లేదు. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి.

చాలాసేపటికి... ఆ కేక.

"లస్మయ్యా...!"

"సారుకు ఏమన్న అయ్యుంటదా?" అన్నడు లస్మయ్య, మెల్లగ.

"అయితే ఇంకోసారి పిలుస్తడు."

"పిలువచాతగాకపోతే?"

సురేందర్ జేబుల ఉప్పు మూటను పిసుకుతున్నడు. వాని బాధ వాంది. సారును తీస్కపోయింది వాడు. ఇంటికాడ మేడం "జాగ్రత్తగా తీసుకురా సురేందర్" అని చెప్పి పంపింది. సారు తిరిగి రాకపోతే ఆమె మొఖం ఎట్ల చూడాలె? పలికితే ప్రాణ భయం... పలుకకపోతే సారు భయం.

కడాకు ధైర్యం తెచ్చుకొని అద్దం ఇంత దించిండు.

"సా...ర్!"

ఒక్కసారే. రెండోసారి పిలువనీకి నోరు రాలే. ఎందుకంటే ఆ కేక గోడలకు తాకి, వీధి తిరిగి, సముద్రం దిక్కు నుంచి వాపసు వచ్చింది. "...ఆర్..." అని. ఎవరో అవతల నిలవడి ఎక్కిరించినట్టు.

పట్టున అద్దం ఎత్తేసిండు.

"చూసినవా కాకా. మనిషైతే పలుకడా?"

లస్మయ్య మెడకున్న తువ్వాల తీసి నెత్తికి, చెవులకు గట్టిగ చుట్టుకున్నడు. చలికా, వినవడకుంటనా... నేను అడుగలే.

అప్పుడు మొదలైంది.

టక్.

గాలి.

టక్... టక్...

రాయి మీద రాయి కొట్టినట్టు. భూమి లోపటి నుంచి వస్తున్నట్టు. ఆగుతది, మళ్లా వస్తది. ఒక్కో చప్పుడుకు నడుమ ఎడం పెరుగుతున్నది. ఎవరో అలిసిపోతున్నట్టు... లేకపోతే దగ్గరికి వస్తూ ఆగి చూస్తున్నట్టు.

"యల్లా, పోదాం పా, బండి తీయరా," అన్నడు లస్మయ్య.

"సారును వదిలిపెట్టా?"

"వద్దులే... తీయకు."

టక్...

అంతల వాళ్ల మోకాళ్ల ముందటనే ఏదో "గుర్ర్ర్..." అని మూలిగింది. సురేందర్ సీట్ల నుంచి ఎగిరి నెత్తి పైకప్పుకు కొట్టుకున్నడు. లస్మయ్య "అమ్మా!" అన్నడు.

ముందటి పెట్టెల ఫోన్. మేడం ఫోన్.

ఇగో, ఇక్కడ నేను వస్త.

ఆ సాయంత్రం నేను అల్ అజీజియాల సారు ఇంట్లనే ఉన్న. మేడం కుట్టిపిచ్చుకున్న జాకెట్లు ఇచ్చి పోదామని వచ్చిన. "ఉండండి మాస్టారూ, వాళ్లొస్తారు, భోంచేసి వెళ్లండి" అన్నది. వాళ్ల బిడ్డ భావన ఆకలికి బిస్కెట్లు తింటూ బల్ల మీద హోంవర్కు చేస్కుంటున్నది. వంకాయ కూర వాసన ఇల్లంత గమ్మంటున్నది. ఎంతసేపు చూసినా ఎవ్వరూ రాలే. సారుకు చేస్తే ఫోన్ బందున్నది. సురేందర్‌కు చేసింది, స్పీకర్ పెట్టింది.

"ఏం సురేందర్, ఎక్కడున్నారు? సార్ ఏరీ?"

"మేడం..." వాని గొంతు నేను గుర్తువట్టలే. అంత సన్నగ ఉన్నది. "సారు... ఫోటో తీస్తుండు మేడం."

"ఇంతసేపా? పిలువు."

"పిలిచిన మేడం. పలుకుతలేడు."

మేడం ఫోన్ మీదికి వంగింది. "పలకట్లేదంటే ఏంటి? ఎన్నిసార్లు పిలిచావు?"

వాడు ఆగి ఆగి అన్నడు. "ఒక్క...సారి."

ఆమె నెత్తి కొట్టుకున్నది. నేను గాబరా పడ్డ, ఏడుస్తుందేమోనని. ఏడువలే, అరిచింది!

"ఒక్కసారి పిలిస్తే ఆయన పలకరయ్యా! చీకటి పడితే అసలు పలకరు! ఇంట్లో కూడా అంతే, వంటింట్లోంచి నేను మూడుసార్లు గొంతు చించుకోవాలి. వాళ్ల అమ్మమ్మ నేర్పిందట. పెళ్లైన కొత్తలో చెవుడేమో అనుకున్నాను!"

నేను నోరు తెరుసుకొని చూసిన. ఇంజినీరు సారు! రీలు కెమెరా సారు!

"మేడం... ఆ పిలుపులు మేం గూడ నమ్ముతం గదా, గందుకే..."

"ముందు దిగు. ఫోన్ కట్ చేయకు. మూడుసార్లు పిలువు. గట్టిగా పిలువు. నేను వింటూనే ఉంటాను."

తలుపు తెరిచిన చప్పుడు వినవడ్డది. ఆ వెంటనే గాలి... ఏం గాలి అది, ఫోన్లనే చలి పెట్టింది నాకు. భావన వచ్చి అమ్మ కొంగు పట్టుకున్నది.

"సా...ర్!"

టక్... అని వినవడ్డది.

"సా...ర్!"

చప్పుడు ఆగిపోయింది. ఏం లేదు. ఫోన్ల గాలి తప్ప ఏం లేదు. మేడం పెదవులు కదులుతున్నయి, ఏ దేవున్ని మొక్కుతున్నదో.

మూడోసారికి సురేందర్ గొంతు పగిలింది. ఏడుపుల నుంచి వచ్చినట్టు వచ్చింది.

"సా...ర్!"

ఎదురుచూపు...

ఎదురుచూపు...

అప్పుడు, ఎక్కడనో పాతాళంల నుంచి, వణుకుకుంట, ముక్కలు ముక్కలుగ ఒక మాట.

"లై... లైటు వేయకండి... ఫోటో..."

"ఆయనే!" అని మేడం, నేను ఒకేసారి అన్నం. ఏ దయ్యమన్న ఆ మాట అంటదా చెప్పున్రి!

సురేందర్ ఏం చేసిండో తెలుసా? ఉరికి పోయి కారు పెద్ద లైట్లు రెండూ ఏసిండు. ఆ ఊరు ఊరంత తెల్లగైంది. ఆ ఫోటో గతి ఏమైందంటరా? తర్వాత కడిగిపిస్తే రీలు మీద ఆ ముక్క బొగ్గు లెక్క నల్లగ మాడింది. చుక్క లేదు, గోడ లేదు.

సారు ఒక పాత నీళ్ల తొట్టిల పడి ఉన్నడు. మనిషి ఎత్తు లోతు. కెమెరా కన్ను తెరిచి పెట్టినంక, ఇంకో ఫోటోకు ఇల్లు మొత్తం ఎక్కడి నుంచి పడ్తదోనని చూసుకుంట ఎనకకు ఎనకకు నడిచిండట... ఇగ కాలు కింద భూమి లేదు. మడమ బెణికింది, పక్కటెముకలు గోడకు తాకినయి. లోపట మోకాళ్ల దాక ఉప్పు నీళ్లు ఊరి ఉన్నయి. ఆ చలిల, ఆ తడిల, ఒక కేక ఏసేసరికి ఊపిరి పట్టేసిందట. తర్వాత గొంతు లేవక రాయితోని గోడ కొట్టిండు. పెదవులు నీలమైనయి, వేళ్లు ముడుచుకుపోయి పైనుంచి చెయ్యి అందిస్తే గూడ పట్టుకోలేకపోయిండట. లస్మయ్య తన తువ్వాల, సురేందర్ బెల్టు ముడేసి, దాన్ని పట్టుకొని లోపటికి దిగి, చంకల కింద చేతులు పెట్టి ఎత్తిండు. ఇంకొంచెం సేపైతే ఆ టక్ టక్ గూడ ఆగిపోయేది.

"మరి నేను పిలిస్తే పలుకలేదేంది సార్?" అన్నడు సురేందర్, దుప్పటి కప్పుకుంట.

సారు పండ్లు కొట్టుకుంటనే అన్నడట. "వినబడింది... సముద్రం వైపు నుంచి వినబడింది. ఒక్కసారే కదా పిలిచావు... రెండోది వస్తుందేమోనని చూశాను..."

"మేం గూడ గదే చూసినం సార్!"

చూసిన్రా! అటు ఆయన గోతిల, ఇటు వీళ్లు కారులో. ఒకరికొకరు దయ్యాలై కూసున్నరు.

దారిల క్లినిక్‌ల కట్టు కట్టిపిచ్చుకొని ఇంటికి వచ్చేసరికి మేడం గుమ్మంలనే నిలవడ్డది. సారును చూసింది, కాలు చూసింది, లోపటికి పోయి మిరియాల చారు మళ్లా వేడి పెట్టింది. సారు కాలు చాపుకోవాలె గనుక బల్ల వద్దని హాల్ల కిందనే బట్ట పరిచింది. పప్పు, వంకాయ కూర, ఆవకాయ, నెయ్యి. లస్మయ్య గోడ పక్కనే నిలవడ్డడు, క్యాంపుకు పోతనని.

"మీరు తినకుండా ఎలా వెళ్తారు, కూర్చోండి," అన్నది మేడం.

సురేందర్ జేబుల నుంచి ఉప్పు మూట తీసి ఆమె చేతుల పెట్టిండు, తల వంచుకొని. "ఇది సారుకు ఇయ్యలే మేడం... నాకే కావాలనిపించింది."

మేడం నవ్వింది. మేం అందరం నవ్వినం. భయం అంత పొట్టల నుంచి నవ్వై బయటికి వచ్చింది. సారు గూడ పక్కటెముకలు పట్టుకొని నవ్విండు.

"అసలు నా తప్పే. పడగానే ఒక్క కేక వేసి ఊరుకున్నాను. 'సురేందర్' అని ఇంకో రెండుసార్లు అరిచుంటే సరిపోయేది."

సురేందర్ నవ్వు ఆగింది.

"సురేందర్ అని గాదు గదా సార్ మీరు పిలిచింది."

"నిన్నే పిలిచాను కదయ్యా."

"లేదు సార్. మాకు మంచిగ వినవడ్డది. ఇద్దరికీ వినవడ్డది. 'లస్మయ్యా' అని పిలిచిన్రు."

సారు మా అందరి మొఖాలు చూసిండు. నిజంగనే తెల్వని మనిషి చూసినట్టు చూసిండు.

"లస్మయ్య ఎవరు?"

సురేందర్ మెల్లగ గోడ దిక్కు చూసిండు. నేనూ చూసిన. గోడకు ఆనుకొని నిలవడ్డ లస్మయ్య తువ్వాలను మళ్లా చెవుల మీదికి గుంజుకుంటున్నడు. ఆ పూటంత ఆయనను కాకా అన్నరు, పెద్దాయనా అన్నరు. పేరు... ఎవ్వరూ అనలే.

"నేను పలుకబోయిన," అన్నడు లస్మయ్య. అంత చిన్నగ అన్నడు. "నోటిదాక వచ్చింది. వీడు నోరు మూయకపోతే..."

మేడం ఆయన రెక్క పట్టుకొని తీస్కొచ్చి నడుమల కూసోవెట్టింది. ఒక దిక్కు సురేందర్, ఒక దిక్కు నేను. ఎదురుంగ సారు, భావన. "అన్నం చల్లారిపోతుంది. ముందు తినండి," అని తను గూడ కూసున్నది. అందరి కంచాలల్ల వేడి వేడి అన్నం, నెయ్యి పడ్డయి. లస్మయ్య మొదటి ముద్ద కలిపిండు.

అప్పుడే బయట వీధి కొస నుంచి ఎవరో పిలిచిన్రు. పేరు పెట్టి పిలిచిన్రు. ఎవరి పేరో నాకు వినవడ్డది, ఇక్కడ చెప్పను.

ఒక్కసారే.

మేం అందరం తలలు వంచుకొని తింటున్నం.